ఇంట్లో నల్లులు ఉన్నాయో లేవో ఖాయంగా తేల్చుకోవడం ఎలా?

నిద్రకరువు | సోమవారం, రాత్రి 2:10

ఈ టైముకి ఎవరూ మేలుకుని ఉండరని తెలిసే రాస్తున్నా. మూడు వారాలుగా పొద్దున లేచేసరికి చేతుల మీద, మెడ మీద ఎర్రగా దద్దుర్లు. నిన్నైతే మోచేతి కింద వరసగా మూడు, కొలిచి పెట్టినట్టు. మా ఆవిడకి ఒకటో రెండో ఉన్నాయి, తను దోమలే అంటుంది. అమ్మకి ఒక్కటీ లేదు. పరుపు రెండుసార్లు ఎత్తి చూశాను, దుప్పట్లు దులిపాను, ఒక్క నల్లి కనపడితే ఒట్టు. మంచం కింద చిన్న గోధుమరంగు పురుగు ఒకటి దొరికితే సెల్లోటేపుకి అంటించి దాచాను, అది నల్లో కాదో తెలీదు. మందు కొట్టేవాళ్ళని పిలిచేద్దామంటే, లేనివాటికి మందేంటి, ఇల్లంతా కంపు చేసుకోవడం ఎందుకని మా ఆవిడ. ఆమాటా నిజమే. ముందు ఉన్నాయో లేవో తేలాలి. లైటు వేసుకుని కూర్చుని కూర్చుని నాకే పిచ్చెక్కేలా ఉంది.

గోడమీదపిల్లి | సోమవారం, ఉదయం 6:40

వరసగా మూడంటే ఇంకా డౌటేంటి బ్రో, నల్లులే. పరుపు తీసుకెళ్ళి తగలెట్టెయ్.

పాతమంచం | సోమవారం, ఉదయం 7:15

పొద్దున్నే పరుపులు తగలబెట్టించకు పిల్లిబాబూ. నేను ఒకప్పుడు ఇలాంటి మాటే నమ్మి నిక్షేపంలాంటి పరుపు పారేశాను. నల్లులున్నది పరుపులో కాదు, మంచం తలవైపు చెక్కని బిగించిన స్క్రూ కన్నాల్లో. కొత్త పరుపు వచ్చిన వారానికి అవి తీరిగ్గా అందులోకి కాపురం మార్చాయి.

నిద్రకరువు గారూ, ఆ వరస మూడు అనేది అందరూ చెప్పుకునే మాటే గానీ సాక్ష్యం కాదండీ. దుప్పటి అంచు దాటి బయటికున్న చర్మం మీద దోమ కుట్టినా వరసగానే ఉంటుంది. నల్లి కుట్టినా ఒక్కోసారి చెదురుమదురుగా వస్తాయి. ఒంటి మీద వెతకడం మానేసి మంచం మీద వెతకండి.

దూదిపెట్టె | సోమవారం, ఉదయం 9:02

చర్మం ఓపీలో నర్సుగా చేస్తున్నాను. ఇదే ప్రశ్నతో చాలామంది వస్తారు, ఫోన్‌లో పాతిక ఫోటోలతో సహా. మచ్చ చూసి ఏదో పురుగు కుట్టినట్టుందని డాక్టరు కూడా అనగలరు, ఫలానా పురుగే అని చెప్పలేరు.

ఇంకో సంగతి. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పక్కవాళ్ళకి చుక్క కూడా లేకపోవడం మామూలే. అది నల్లి ఇష్టాయిష్టాలని బట్టి కాదు, మన ఒళ్ళు దాని లాలాజలానికి ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి. కొందరికి గంటల్లో లేస్తాయి, కొందరికి రోజులు పడుతుంది, రెండు వారాల దాకా పట్టినవాళ్ళూ ఉన్నారు. వయసు పైబడినవాళ్ళలో చాలామందికి అసలు తేలవు. కాబట్టి అమ్మగారికి దద్దుర్లు లేవంటే ఆవిడని ఏదీ కుట్టట్లేదని అర్థం కాదు.

దురద వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ ఎక్కువగా ఉండి రాత్రిళ్ళు భరించలేనంతగా ఉంటే అది గజ్జి కూడా కావచ్చు, అప్పుడు మంచం కాదు, డాక్టరు దగ్గర చూపించుకోవాలి. నల్లుల వల్ల రోగాలు అంటుకుంటాయని మాత్రం భయపడకండి, అలా ఇంతవరకు తేలలేదు. గోకి గోకి పుండు చేసుకుంటే మాత్రం అది చీము పడుతుంది. గోళ్ళు తీసుకోండి.

స్ప్రేడబ్బా | సోమవారం, మధ్యాహ్నం 1:30

పదకొండేళ్ళుగా ఇళ్ళలో మందు కొట్టే పని నాది. నా పొట్ట కొట్టుకునే మాటే అయినా చెప్తున్నా, పురుగు గానీ దాని గుర్తు గానీ కంటితో చూడకుండా మందు కొట్టించుకోకండి. చూడకుండా కొడతామని వచ్చేవాణ్ణి గుమ్మంలోంచే పంపెయ్యండి.

పరుపు ఎత్తి చూశాను అంటారు అందరూ. ఎత్తి చూస్తే కనపడదండీ. పగలు అది రెండు చెక్కల మధ్య, గుడ్డ మడతలో, వీపు కడుపు రెండూ ఏదో ఒకదానికి తగిలేలా ఇరుక్కుని కూర్చుంటుంది. ఏటీఎం కార్డు అంచు దూరే సందు దానికి మేడ. పెద్దది 5 నుంచి 7 మిల్లీమీటర్లు, పైనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా, కోడిగుడ్డు ఆకారంలో, గోధుమరంగులో. రెక్కలు లేవు, ఎగరదు, గెంతదు, పాకడమొక్కటే. రక్తం తాగాక మాత్రం పొడుగు సాగి ముదురు ఎరుపు తిరిగి, ఇది అదేనా అనిపిస్తుంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది, ఒళ్ళు అద్దంలా ఉంటుంది, కడుపులో రక్తం పడితేనే కంటికి ఆనుతుంది. తెల్ల దుప్పటి మీద తాగని పిల్ల కనపడటం కష్టం.

కావలసినవి మంచి టార్చి, పాత ప్లాస్టిక్ కార్డు, సెల్లోటేపు, స్క్రూడ్రైవర్, తడి దూది. భూతద్దం ఉంటే మరీ మంచిది. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వాలుగా పట్టుకోండి, నీడ పడితే చిన్నవీ తెలుస్తాయి. తల పెట్టుకునే వైపు నుంచి మొదలుపెట్టండి. దుప్పటి దులపొద్దు, అంచుల నుంచి లోపలికి చుట్టి తియ్యండి. పరుపు చుట్టూ ఉబ్బెత్తుగా కుట్టు ఉంటుంది కదా, దాన్ని బొటనవేలితో వెనక్కి మడిచి ఆ గాడి మొత్తం కార్డు అంచుతో గీస్తూ వెళ్ళండి. నాలుగు మూలలూ, కంపెనీ లేబుల్ కిందా, పట్టుకునే పట్టీల కిందా. తర్వాత పరుపు నిలబెట్టి మంచం చూడండి, ఇక్కడే జనం తొందరపడతారు. చెక్కలు కలిసిన చోట్లు, స్క్రూ కన్నాలు, ప్లైవుడ్ అంచులు, కోళ్ళ పైభాగం. తలవైపు చెక్క గోడకి బిగించి ఉంటే విప్పండి, బద్ధకించకండి, నేను చూసిన ఇళ్ళలో సగం బండారం అక్కడే బయటపడింది.

మంచంలో దొరక్కపోతే చుట్టూ రెండు మీటర్ల లోపల ఉన్నవన్నీ. పక్కబల్ల సొరుగులు లాగి తిరగేసి, గోడకి తగిలించిన ఫోటో వెనక, కర్టెన్ పైమడతలు, గోడ అడుగు పట్టీ సందులు. కరెంటు బోర్డు విప్పేటట్టయితే మెయిన్ ఆపేసి.

పురుగు కనపడకపోయినా దాని పద్దు కనపడుతుంది. నల్లటి చుక్కలు గుంపుగా, స్కెచ్ పెన్ను మొన ఆనించినట్టు. అది తాగిన రక్తం అరిగి బయటికొచ్చిన రెట్ట. గుడ్డ మీదైతే ఇంకినట్టు అంచులు పాకి ఉంటుంది, తడి దూదితో రుద్దితే తుప్పు రంగులో చారికలవుతుంది. రుద్దినా చారిక కాకుండా చిన్న రేణువులా రాలిపడితే అది బొద్దింకది కావచ్చు. రెండోది కుబుసాలు. పిల్ల పెద్దదయ్యేలోపు ఐదుసార్లు కుబుసం విడుస్తుంది, అచ్చం నల్లి ఆకారంలోనే, తేలిగ్గా, ఊదితే ఎగిరిపోయేలా ఉంటాయి. మూడోది గుడ్లు, తెల్లగా ముత్యం రంగులో, మిల్లీమీటరు పొడవు, జిగురుతో అంటించినట్టుంటాయి, దులిపితే రాలవు. దుప్పటి మీద రక్తపు మరక ఒక్కటే ఉంటే మాత్రం నమ్మకండి, మనం గోక్కున్నా అవుతుంది.

నిద్రకరువు | సోమవారం, రాత్రి 9:48

ఇంత ఓపిగ్గా రాసినందుకు దండాలు స్ప్రేడబ్బా గారూ. ముందు ఆ టేపు పురుగు గురించి చెప్తాను. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, బొద్దుగా, చారలు చారలుగా, ఒంటి నిండా బూరులాగా వెంట్రుకలు. వెనక చిన్న కుచ్చు కూడా ఉంది. చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది.

స్ప్రేడబ్బా | సోమవారం, రాత్రి 10:05

అది నల్లి కాదు. బూరు, చారలు, కుచ్చు ఉంటే కార్పెట్ బీటిల్ అనే పెంకుపురుగు లార్వా. ఉన్ని బట్టలు, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగులు తిని బతుకుతుంది. కుట్టదు, రక్తం జోలికి రాదు. కాకపోతే దాని బూరు తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, అదొక తిరకాసు. నల్లి ఒంటి మీద వెంట్రుకలు అంత పొడుగ్గా కంటికి కనపడవు.

పొరపడేవి ఇంకా ఉన్నాయి. బొద్దింక పిల్ల పొడుగ్గా, మీసాలు చాలా పొడుగ్గా ఉంటుంది, లైటు వేస్తే క్షణంలో మాయం. పాత పుస్తకాల్లో తిరిగే మట్టిరంగు చిన్న పురుగులు మెత్తగా ఉంటాయి, నలిపితే రక్తం రాదు. గబ్బిలాల మీద బతికే నల్లి ఒకటుంది, అది మాత్రం అచ్చం దీనిలాగే ఉంటుంది, మైక్రోస్కోపులో తప్ప తేడా తెలీదు. అటకలో గబ్బిలాలు లేకపోతే ఆ గొడవ మీకొద్దు.

రాత్రిదీపం | మంగళవారం, ఉదయం 8:20

ఇంత తతంగం దేనికండీ, పొగ డబ్బా ఒకటి వెలిగించి తలుపులేస్తే సరి. లేదంటే కిరసనాయిలు. మా పెద్దవాళ్ళు మంచం కోళ్ళకి కిరసనాయిలే పూసేవాళ్ళు.

పాతమంచం | మంగళవారం, ఉదయం 8:41

నిద్రపోయే మంచానికి కిరసనాయిలు పూసి ఆ పక్కనే స్విచ్ బోర్డు పెట్టుకుంటారా? నల్లులు పోతాయో లేదో గానీ ఇల్లు పోతుంది.

స్ప్రేడబ్బా | మంగళవారం, ఉదయం 11:10

పొగ డబ్బా సంగతి కూడా అంతే. పొగ గదిలో గాలికి తిరుగుతుంది, నల్లి సందులో కూర్చుంటుంది, రెండూ కలవవు. పైగా ఘాటుకి చెదిరి పక్కగదికి పోతే అప్పటిదాకా ఒక్క మంచానికున్న బాధ ఇంటికి పాకుతుంది. బజారు స్ప్రేల్లో చాలావాటిలో ఉండే మందుకి ఇవి ఎప్పుడో అలవాటు పడిపోయాయి, కొట్టాక కూడా దర్జాగా నడిచిపోతుంటే చూశాను. తేల్చుకునేవరకు ఏ మందూ కొట్టకండి, ఉన్న గుర్తులు కూడా చెదిరిపోతాయి.

నిద్రకరువు | బుధవారం, రాత్రి 11:30

ఇవాళ సెలవు పెట్టి మరీ వెతికాను. నాలుగు గంటలు. మంచం మొత్తం విప్పేశాను, తలవైపు చెక్కతో సహా. కుట్టు గాడి చుట్టూ కార్డుతో గీశాను. దొరికినవి ఒక చెవిపోగు (మా ఆవిడ రెండేళ్ళుగా వెతుకుతోంది), కొంచెం ధూళి. నల్ల చుక్కలు రెండు కనపడితే గుండె ఆగినంత పనైంది, తడి దూదితో రుద్దితే అవి పెన్ను సిరా. మా ఆవిడ ముఖం చూడాలి, 'చెప్పానా' అని అనకుండా అంది. కానీ ఇవాళ పొద్దున కూడా మెడ మీద రెండు లేచాయండీ. రెండు రాత్రులు హాల్లో సోఫా మీద పడుకున్నా, అక్కడా కుట్టాయి.

పాతమంచం | గురువారం, ఉదయం 6:55

గది మార్చకండి! అవి మన ఊపిరి, ఒంటి వేడి పట్టుకుని వెతుక్కుంటూ వస్తాయి. మీరు ఎక్కడికెళ్తే అక్కడికి దారి చూపించినట్టే. మీ మంచం మీదే పడుకోండి, కష్టమే, తెలుసు.

సందేహాలసంచి | గురువారం, ఉదయం 10:12

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. గదిని రెండు మూడు వారాలు తాళం వేసి ఖాళీగా ఉంచితే ఆకలికి చావవా?

స్ప్రేడబ్బా | గురువారం, మధ్యాహ్నం 2:25

చావవు. తిండి లేకుండా నెలల తరబడి ఉంటాయి, చల్లటి చోటైతే ఇంకా ఎక్కువ. మన ఓపిక కంటే వాటి ఓపిక పెద్దది.

నిద్రకరువు గారూ, కొన్నే ఉన్నప్పుడు ఎంత వెతికినా దొరక్కపోవడం మాక్కూడా జరుగుతుంది. కాబట్టి మనం వెతకడం ఆపి దాన్నే రానిద్దాం. ప్రతి కోడు కిందా రెండు ప్లాస్టిక్ గిన్నెలు పెట్టండి, పెద్దదాంట్లో చిన్నది, కోడు చిన్నదాంట్లో. పెద్దగిన్నె బయటివైపు కాగితం టేపు చుట్టండి, ఎక్కడానికి దానికి పట్టు దొరకాలి. రెండు గిన్నెల లోపలి గోడలకీ, చిన్నగిన్నె బయటి గోడకీ టాల్కమ్ పౌడరు పలచగా రాయండి, పడ్డది పైకి రాకుండా. మంచం గోడకి జానెడు దూరం జరపండి, దుప్పటి నేలకి వేలాడకూడదు, లేకపోతే గిన్నె తొక్కకుండానే ఎక్కేస్తుంది. రోజూ పొద్దున టార్చి వేసి చూడండి.

ఇందులో కిటుకు ఏంటంటే, మంచంలోంచి దిగేది చిన్నగిన్నెలో పడుతుంది, బయటినుంచి వచ్చేది పెద్దగిన్నె వలయంలో పడుతుంది. ఉందా లేదా అన్నదే కాదు, ఎటునుంచి వస్తోందో కూడా తెలుస్తుంది.

సందేహాలసంచి | గురువారం, సాయంత్రం 5:40

మేమూ పెట్టాం ఇలాంటివి, నెల రోజులు ఖాళీగానే ఉన్నాయి, తీరా చూస్తే మంచంలో బోలెడున్నాయి. మోసం అది.

స్ప్రేడబ్బా | గురువారం, రాత్రి 8:15

మోసం కాదండీ, నల్లుల్లో మనుషుల్ని కుట్టేవి ముఖ్యంగా రెండు జాతులు. వేడి దేశాల్లో ఎక్కువగా ఉండేదాని కాళ్ళకి అంటుకునే సన్నటి వెంట్రుకలు ఎక్కువ, నున్నటి ప్లాస్టిక్ గోడ కూడా ఎక్కేస్తుంది. అందుకే పౌడరు మర్చిపోవద్దనేది, తడి తగిలితే మళ్ళీ రాయాలనేది. అప్పటికీ గిన్నె ఖాళీగా ఉంటే లేవని రాసివ్వలేం. పడితే మాత్రం ఇక వాదన లేదు.

గోడమీదపిల్లి | శుక్రవారం, ఉదయం 7:30

శివుడు కూడా నల్లుల బాధ పడలేకే కొండెక్కాడని ఊరికే అనలేదు మనవాళ్ళు. నేనింకా పరుపు తగలెట్టడం దగ్గరే ఉన్నా.

నిద్రకరువు | తర్వాతి బుధవారం, ఉదయం 5:50

పడింది!!! ఒకటి. కాళ్ళవైపు, తలుపు దగ్గరున్న కోడు కింద. పౌడరులో ఒళ్ళంతా తెల్లగా పూసుకుని గుండ్రంగా తిరుగుతోంది, ఎక్కబోతే జారిపోతోంది. చదునుగా, గోధుమరంగులో, నడుం దగ్గర అడ్డంగా గీతలు. మా ఆవిడని లేపి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "దీన్ని చూడటానికా నన్ను లేపావు" అంది.

పడింది చిన్నగిన్నెలో కాదు, పెద్దగిన్నె వలయంలో.

స్ప్రేడబ్బా | బుధవారం, ఉదయం 6:20

అయితే మీ మంచం నిర్దోషి, మీరు విప్పింది ఉత్తినే. అది తలుపు వైపునుంచి వస్తోంది. గదిలో లేదు, హాల్లో ఉంది. ఈ రెండు మూడు నెలల్లో ఇంట్లోకి కొత్తగా వచ్చిన సామాను ఏంటి? వాడిన సామాను ఏదైనా? మీరు కాకుండా ఇంకెవరైనా కూర్చుని గంటలు గంటలు కునుకు తీసే చోటు ఉందా?

నిద్రకరువు | బుధవారం, ఉదయం 6:31

అమ్మ కుర్చీ.

తెలిసినవాళ్ళు ఇల్లు మారుతూ ఇచ్చేశారు, వాలుకుర్చీ, మంచి మెత్తటిది. మధ్యాహ్నమంతా అమ్మ అందులోనే. ఆఫీసుకి ఫోన్ చేసి వస్తా.

నిద్రకరువు | బుధవారం, ఉదయం 8:05

కుర్చీ వెనక్కి వాల్చి అడుగున చూశాను. సీటు కింద నల్లటి పలచటి గుడ్డ పిన్నులతో బిగించి ఉంటుంది కదా, ఒక మూల నాలుగు పిన్నులు పీకి టార్చి వేశాను. చెక్క మీద, గుడ్డ మడత వెంట చుక్కలే చుక్కలు, ఎవరో కూర్చుని నల్ల స్కెచ్ పెన్నుతో గంటసేపు పొడిచినట్టు. మధ్యలో తెల్లటివి వరసగా అంటుకుని. కుబుసాలు గుత్తులుగా. వెలుతురు పడగానే ఏడో ఎనిమిదో పెద్దవి తొందరేం లేదన్నట్టు నెమ్మదిగా లోపలికి జరిగాయి. ఒకరకం ముక్కిన వాసన, ఇన్నాళ్ళూ అది పాత సామాను వాసనే అనుకున్నాం.

అమ్మని అక్కడే నిలబెట్టి చూపించా. "నన్నేం కుట్టలేదే" అంటోంది. జాకెట్టు చెయ్యి పైకి తీసి చూశాం, నిజంగానే ఒక్క మచ్చ లేదు.

దూదిపెట్టె | బుధవారం, ఉదయం 9:10

అమ్మగారికి ఒంట్లో నీరసం, తల తిరగడం లాంటివి ఉంటే ఒకసారి రక్తం పరీక్ష చేయించండి. బాగా ఎక్కువై చాలాకాలం కుట్టినప్పుడు పెద్దవాళ్ళలో రక్తం తగ్గిన సందర్భాలున్నాయి. మీ ఇంట్లో అంత ఉండకపోవచ్చు, అయినా చూపిస్తే పోయేదేం లేదు.

స్ప్రేడబ్బా | బుధవారం, ఉదయం 9:35

ఇప్పుడు కంగారుపడి కుర్చీని ఇల్లంతా ఈడ్చుకుంటూ బయటికి లాగకండి, దారి పొడుగునా రాలతాయి. ఉన్నచోటే పెద్ద ప్లాస్టిక్ కవరు కప్పి అంచులకి టేపు వెయ్యండి. దాని మీది గుడ్డలూ, అమ్మగారి శాలువా ముడి వేసిన సంచిలోనే తీసుకెళ్ళి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి, డ్రయర్ ఉంటే ఎక్కువ వేడి మీద అరగంట. సోఫా కూడా ఇలాగే అడుగు విప్పి చూడండి, మీరు రెండు రాత్రులు అక్కడ పడుకున్నారు. రెండు మూడు నల్లులు టేపుకి అంటించి ఉంచండి, వచ్చేవాడికి చూపించడానికి. ఒక్కసారితో అయిపోతుందనే మాట నమ్మకండి, గుడ్లలోంచి వారం పది రోజుల్లో పిల్లలొస్తాయి, రెండు వారాల తర్వాత రెండో విడత తప్పదు. కుర్చీ ఉంచుకోవాలా అంటే, నేనైతే ఉంచను. పారేసేటప్పుడు గుడ్డ చీల్చి, 'నల్లులున్నాయి' అని రాసి పారెయ్యండి, ఇంకొకళ్ళు ఇంటికి మోసుకెళ్ళకుండా.

నిద్రకరువు | ఆరు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 7:00

రెండు విడతలూ అయ్యాయి. సోఫా అడుగున నాలుగు దొరికాయి, అదీ పోయింది. అమ్మకి రక్తం పరీక్షలో అంతా బాగానే ఉంది, కొత్త కుర్చీ మాత్రం పాతదానంత మెత్తగా లేదట, రోజూ చెప్తోంది. ఇవాళ పొద్దున మోచేతి మీద ఒకటి లేచింది. పరిగెత్తి నాలుగు గిన్నెలూ చూశాను. పౌడరు తప్ప ఏం లేదు. మళ్ళీ పడుకుంటే చెవి దగ్గర గుయ్యిమంది. దోమ.

మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

గోడమీదపిల్లి | ఆదివారం, ఉదయం 7:12

మరి పరుపు?

స్ప్రేడబ్బా | ఆదివారం, ఉదయం 7:40

పరుపు ఉంచుకోండి. గిన్నెలు కూడా ఇంకో రెండు నెలలు తియ్యకండి.